సమూయేలు పేరులో లేని అక్షరం

పిల్లలకు పేర్లు వెతికే వెబ్‌సైట్లలో ‘శామ్యూల్’ అని, అంటే సమూయేలు పేరును ఇంగ్లీషు రూపంలో, కొట్టి చూస్తే, అర్థం దగ్గర ఎక్కువగా కనిపించేది ‘దేవుడు విన్నాడు’ అనే మాట. చర్చిలో బిడ్డకు పేరు పెట్టే రోజున చెప్పే ప్రసంగాల్లోనూ ఇదే వినిపిస్తుంది. సంతానం లేక ఏడ్చిన హన్నా మొర దేవుడు విన్నాడు, అందుకే ఆమె కన్న బిడ్డకు, బైబిల్లోని సమూయేలు ప్రవక్తకు, ఆ పేరు. కథకు చక్కగా అతికే అర్థం. చిక్కల్లా ఒకటే. ఈ కథ మూల భాష అయిన హెబ్రీలో ‘విన్నాడు’ అనడానికి తప్పకుండా కావలసిన ఒక అక్షరం ఈ పేరులో లేదు. పైగా బైబిల్లో ఆ తల్లి చెప్పిన కారణం కూడా ఇది కాదు.

పేరును దగ్గర నుంచి చూద్దాం. హెబ్రీలో సమూయేలును షెమూఏల్ అంటారు. అక్షరాలు ఐదు: షిన్, మేమ్, వావ్, ఆలెఫ్, లామెద్. చివరి రెండూ, అంటే ఆలెఫ్, లామెద్ కలిస్తే ‘ఏల్’. అంటే దేవుడు. దీని గురించి ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా ముందున్న ‘షెమూ’ గురించే. ‘విను’ అనే క్రియకు హెబ్రీ ధాతువు షిన్, మేమ్, అయిన్. ఈ మూడో అక్షరం అయిన్ గొంతు లోపలి నుంచి నొక్కి పలికే హల్లు. యిష్మాఏల్, అంటే మన ఇష్మాయేలు, ఆ పేరులో అయిన్ ఉంది. ఆదికాండం 16వ అధ్యాయంలో దేవదూత హాగరుతో దేవుడు నీ మొర విన్నాడు కాబట్టి బిడ్డకు ఈ పేరు పెట్టు అని చెబుతాడు. ధాతువూ కారణమూ రెండూ సరిపోయాయి. లేయా రెండో కొడుకు షిమ్యోను పేరులోనూ అయిన్ ఉంది, అక్కడా తల్లి చెప్పేది వినడం గురించే. సమూయేలు దగ్గరికి వచ్చేసరికి అయిన్ మాయం. పలకడంలో అది అరిగిపోయి ఉంటుందని సర్ది చెప్పినవాళ్లు పూర్వం ఉన్నారు. కానీ ఇష్మాయేలులో, షిమ్యోనులో, షెమాయాలో చెక్కుచెదరకుండా నిలిచిన అక్షరం ఈ ఒక్క పేరులోనే ఎందుకు అరగాలి?

తెలుగులో చదివేవాళ్లకు ఈ తేడా కనిపించకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. మన అక్షరమాలలో అయిన్‌కు చోటు లేదు, ఆలెఫ్‌కూ లేదు. రెండూ తెలుగులోకి వచ్చేసరికి అచ్చులో కలిసిపోతాయి. ఇష్మాయేలు, సమూయేలు పక్కపక్కన పెడితే ఒకే అచ్చులో పోసినట్టే ఉంటాయి. ఖురాన్ ఓదడం నేర్చుకున్న తెలుగు ముస్లింలకు మాత్రం ఈ సంగతి తేలిగ్గా అందుతుంది. అరబీలో ఇస్మాయీల్ పేరును ఇప్పటికీ అయిన్‌తోనే రాస్తారు. అరబీ బైబిల్లో సమూయేలుకు రాసేది హంజా, అంటే ఆలెఫ్‌కు సాటి వచ్చే గుర్తు. ఇలాంటి మోసం ఇదే కథలో ఇంకొకటి ఉంది. సమూయేలును పెంచిన యాజకుడు ఏలీ పేరు చూసి అందులోని ‘ఏల్’ దేవుడే అనుకుంటాం. అది అయిన్‌తో మొదలయ్యే పేరు, దేవుడనే మాటతో దానికి సంబంధం లేదు. తండ్రి ఎల్కానా పేరులో ఉన్నది మాత్రం దేవుడే.

మరి తల్లి ఏం చెప్పింది? మొదటి సమూయేలు 1:20లో హన్నా చెప్పిన కారణం: నేను యెహోవాను అడిగి వీణ్ణి పొందాను. తెలుగు బైబిల్ అనువాదకులు అక్కడ ‘మ్రొక్కుకొని’ అనే మాట కూడా చేర్చారు. మూలంలో ఆ వాక్యంలో ఉన్నది అడగడం ఒక్కటే. మొక్కు సంగతి అంతకు ముందు, 11వ వచనంలో వస్తుంది. అయినా ఆ మాట చేర్చడం నాకు తప్పుగా తోచదు. బిడ్డ కోసం గుడి మెట్ల మీద కూర్చుని ఏడ్చి అడగడాన్ని తెలుగువాళ్లు వేరే ఏ మాటతో చెబుతారు? సవతి పెనిన్నా ఏటా ఎత్తిపొడుస్తుంటే అన్నం ముట్టని హన్నా, షిలోహు మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ గొంతు రాకుండా ప్రార్థించింది. ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. తర్వాత సంగతి తెలుసుకుని, నువ్వు అడిగింది దేవుడు ఇచ్చుగాక అని పంపించాడు.

‘అడుగు’ అనడానికి హెబ్రీ ధాతువు షిన్, ఆలెఫ్, లామెద్. షాఅల్ అని పలుకుతారు. సమూయేలు పేరులో ఈ మూడక్షరాలూ ఉన్నాయి, మధ్యలో మేమ్, వావ్ దూరి ఉన్నాయి. కాబట్టి హన్నా మాటకూ పేరుకూ శబ్దంలో పోలిక ఉంది. ఆ అధ్యాయం రాసినవాడు ఈ ధాతువును ఒక్కసారి వాడి వదిలేయలేదు. ఏలీ దీవెనలో రెండుసార్లు, పేరు పెట్టినప్పుడు ఒకసారి, బిడ్డను మందిరానికి తెచ్చినప్పుడు హన్నా చెప్పిన మాటల్లో నాలుగుసార్లు, మొత్తం ఏడుసార్లు ఒకే అధ్యాయంలో వాడాడు. చేయి తిరిగిన కథకుడు ఒకే మాటను ఏడుసార్లు తిప్పుతున్నాడంటే చదివేవాడి చెవిలో అది మోగుతూ ఉండాలనే.

ఆ ఏడోసారి దగ్గరే అసలు విశేషం. పాలు మానిన బిడ్డను ఏలీకి అప్పగిస్తూ హన్నా అంటుంది: ‘హూ షాఊల్ లా-యెహోవా’. హూ అంటే వాడు. లా-యెహోవా అంటే యెహోవాకు. మధ్యలో ఉన్న షాఊల్ అంటే అడిగి తీసుకోబడినవాడు, లేదా అడిగినందుకు ఇవ్వబడినవాడు. తెలుగు బైబిల్ దీన్ని ‘ప్రతిష్ఠితుడు’ అంది, భావం బాగానే అందింది, కానీ శబ్దం జారిపోయింది. ఎందుకంటే షాఊల్ అనేది ఇంకొకరి పేరు. ఇశ్రాయేలు మొదటి రాజు, మనం సౌలు అని పిలిచే అతని పేరు హెబ్రీలో అక్షరం పొల్లు పోకుండా ఇదే. బిడ్డను చేతిలో పట్టుకుని తల్లి చెప్పిన వాక్యాన్ని హెబ్రీలో వింటే ‘వీడు యెహోవాకు సౌలు’ అన్నట్టు వినిపిస్తుంది. ఇంకా పుట్టని రాజు పేరు ఆమె నోట వచ్చేసింది.

దీన్ని పట్టుకుని కొందరు బైబిల్ పండితులు ఒక ప్రతిపాదన చేశారు. ఈ పుట్టుక కథ మొదట్లో సౌలుదేనని, సౌలు తర్వాత రాజైన దావీదు వంశం పైకి వచ్చాక దాన్ని సౌలు నుంచి తీసి సమూయేలుకు అంటగట్టారని వాళ్ల వాదన. ‘అడిగాను’ అనే కారణం షాఊల్ పేరుకు అతికినంత బాగా షెమూఏల్‌కు అతకదు కదా అంటారు. మొదటిసారి వింటే కొట్టిపారేయలేని వాదన. అయితే షిలోహు, ఏలీ, మందిరంలో పెరిగే పిల్లవాడు, ఇవన్నీ సమూయేలు జీవితానికి పునాదులు. వీటిలో ఏదీ సౌలు జీవితానికి పునాది కాదు. కథను ఎత్తుకొచ్చి అతికించారని అనుకోవడం కన్నా, రాజు పేరును కథకుడు కావాలనే తల్లి మాటలో నాటాడని అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. ఆ విత్తనం ఎక్కడ మొలిచిందో ఎనిమిదో అధ్యాయంలో తెలుస్తుంది. అక్కడ జనం ముసలివాడైన సమూయేలు దగ్గరికి వచ్చి మాకు రాజు కావాలని అడుగుతారు. వాళ్లను కథకుడు ‘రాజును అడుగుతున్న జనం’ అంటాడు, అదే షాఅల్ ధాతువుతో. తల్లి అడిగితే సమూయేలు వచ్చాడు, జనం అడిగితే సౌలు వచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి తేల్చుకోవాలి. బైబిల్లో ఒక తల్లి ‘అందుకే ఈ పేరు పెట్టాను’ అంటే అది నిఘంటువు చెప్పే వ్యుత్పత్తి కానక్కర్లేదు. చాలాసార్లు కాదు కూడా. మోషే సంగతి తీసుకోండి. నీళ్లలోంచి తీశాను కాబట్టి మోషే అని ఫరో కూతురు అంటుంది, హెబ్రీలో ‘తీయు’ అనే క్రియ ఆ పేరులా ధ్వనిస్తుంది కాబట్టి. ఈజిప్టు భాషలో మాత్రం పుట్టడాన్ని సూచించే ‘మోసె’ అనే మాట తుత్‌మోసె లాంటి రాజుల పేర్లలో కనిపిస్తుంది, మోషే పేరు మూలం అదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఒకటి పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుంది, ఇంకొకటి ఆ పేరు వింటే ఆ ఇంట్లో ఏం గుర్తొస్తుందో చెబుతుంది.

ఈ తేడా తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మన పల్లెల్లో పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య అనే పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీదో విస్తరాకులోనో పడుకోబెట్టి తీసి, ఆ పేరు పెట్టేవారు. పెంట అనే మాటకు నిఘంటువులో ఏ అర్థం ఉన్నా, ఆ ఇంట్లో ఆ పేరుకు అర్థం ‘దక్కిన బిడ్డ’. బయటివాళ్లు నవ్వినా ఆ తల్లికి నవ్వు రాదు. ‘అడిగి కన్నాను’ అన్న హన్నా మాటనూ ఆ వరసలోనే చదవాలి. ఆమె వ్యాకరణం చెప్పడం లేదు, ఏళ్ల తరబడి పడిన బాధను చెబుతోంది.

పాతకాలపు పాఠకులు ఈ రెండింటినీ కలపాలని చాలా తంటాలు పడ్డారు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్, సమూయేలు అంటే ‘దేవుణ్ణి అడిగి పొందినవాడు’ అని గ్రీకులో రాసేశాడు. మధ్యయుగపు యూదు వ్యాకర్త దావీదు కింహి అయితే ‘షాఊల్ మే-ఏల్’, అంటే దేవుని నుంచి అడిగి తెచ్చుకున్నవాడు అనే మాటలు ముద్దగా కలిసిపోయి షెమూఏల్ అయిందని వివరించాడు. మూడు మాటలను ఒక పేరులో ఇమడ్చాలన్న ఆ ప్రయత్నం వెనుక తల్లి మాట వమ్ము కాకూడదన్న ప్రేమ కనిపిస్తుంది. కానీ హెబ్రీ పేర్లు అలా పుట్టిన దాఖలాలు లేవు.

నాలుగో శతాబ్దం చివర్లో లాటిన్ బైబిల్ అనువాదకుడు జెరోమ్ హెబ్రీ పేర్ల అర్థాల పట్టిక రాస్తూ సమూయేలుకు ఇచ్చిన అర్థం వేరు: ‘అతని పేరు దేవుడు’. హెబ్రీలో ‘షెమ్’ అంటే పేరు. షిన్, మేమ్. మన పేరులో మొదటి రెండు అక్షరాలు ఇవే. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది మొగ్గేది కూడా ఈ వైపుకే. కాకపోతే ‘అతని పేరు దేవుడు’ అనాలా, ‘దేవుని పేరు’ అనాలా అన్నది మధ్యలో ఉన్న ‘ఊ’ను ఎలా అర్థం చేసుకుంటామన్న దాని మీద ఉంటుంది. అది ‘అతని’ అనే సర్వనామం అయితే జెరోమ్ చెప్పిందే ఖాయం. లేదా పాత సెమిటిక్ భాషల్లో నామవాచకం చివర వచ్చే ప్రథమా విభక్తి గుర్తు కావచ్చు, మన ‘డు ము వు లు’ లాగా. ప్రామాణిక అరబీలో ఆ ‘ఉ’ ఇప్పటికీ బతికే ఉంది. హెబ్రీలో మాటల చివర అది రాలిపోయింది గానీ పేర్ల మధ్యలో అక్కడక్కడా మిగిలిపోయింది. యాకోబు రాత్రంతా పెనుగులాడిన చోటును హెబ్రీ మూలం ఒక వాక్యంలో పెనీఏల్ అని, ఆ వెంటనే వచ్చే వాక్యంలో పెనూఏల్ అని అంటుంది. చోటు ఒకటే, అర్థం ఒకటే, దేవుని ముఖం. మధ్యలో ‘ఊ’ ఉన్నా ‘ఈ’ ఉన్నా తేడా రాలేదు. షెమూఏల్‌ను కూడా అలా విడదీస్తే ‘ఏల్ పేరు’ అని తేలుతుంది. సూటిగా, అక్షరం కలపకుండా, అక్షరం తీయకుండా వచ్చే అర్థం ఇదే.

దీనికి బలం ఇచ్చే సాక్ష్యం బైబిలుకు బయట, చాలా ముందు కాలంలో ఉంది. క్రీస్తుకు ముందు 19వ శతాబ్దంలో, ఇప్పటి ఇరాక్ దక్షిణ భాగంలో ఉన్న లార్సా నగరాన్ని ఏలిన ఒక రాజు పేరు సుమూఏల్. బాబిలోనులో దాదాపు అదే కాలంలో సుమూఅబుమ్, సుమూలాఏల్ అనే రాజులు ఉన్నారు. న్యాయశాసనాలతో పేరుపొందిన హమ్మురాబికి ఈ సుమూలాఏల్ ముత్తాత తండ్రి. వీళ్లది అమోరీ మూలాలున్న వంశం, వాళ్ల భాష హెబ్రీకి దగ్గర చుట్టం. ఆ పేర్లలోని ‘సుమూ’ను పండితులు పేరు అనే మాటగానే చూస్తారు. హన్నా కొడుక్కి సుమారు ఎనిమిది వందల ఏళ్ల ముందే, మట్టి పలకల మీద అచ్చంగా ఇలాంటి పేరు ఉందన్నమాట. రాజుకు పనికొచ్చిన పేరు ఎఫ్రాయీము కొండల్లో ఒక కుటుంబపు బిడ్డ దాకా నడిచి వచ్చింది.

‘దేవుని పేరు’ అని బిడ్డకు పేరు పెట్టడమేమిటి అనిపించవచ్చు. ఆ భాషల్లో పేరు అనే మాట సంతానం అనే అర్థం దాకా సాగుతుంది. పాత బాబిలోనులో వాడిన అక్కాదు భాషలో షుము అంటే పేరు, కొడుకు అని కూడా. బైబిల్లో దావీదు కొడుకు అబ్షాలోము తన జ్ఞాపకార్థం స్తంభం నిలుపుకుంటూ, నా పేరు నిలబెట్టడానికి నాకు కొడుకు లేడు అంటాడు. గుహలో దావీదు చేతిలో ప్రాణం దక్కించుకున్న సౌలు, నా తండ్రి ఇంటి నుంచి నా పేరు కొట్టేయనని ప్రమాణం చెయ్యి అని అడుగుతాడు. ‘పేరు నిలబెట్టే కొడుకు’ అనే మాట తెలుగులో రోజూ వాడేవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. కాబట్టి సమూయేలులో ‘దేవుని బిడ్డ’, ‘దేవుని పేరు నిలబెట్టేవాడు’ అనే ఛాయ ఉందనడం సాగదీయడం కాదు.

ఇంత చెప్పాక ‘దేవుడు విన్నాడు’ అనేవాళ్లను తప్పు పట్టి వదిలేస్తే అన్యాయమవుతుంది. అక్షరాల లెక్కలో అది నిలబడదు, కానీ కథలో దానికి చోటు ఉంది. మూడో అధ్యాయంలో రాత్రి మందిరంలో పడుకున్న పిల్లవాడికి తన పేరు పెట్టి ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది. మూడుసార్లు ఏలీ దగ్గరికి పరిగెత్తుతాడు. నాలుగోసారి పిలుపు వచ్చినప్పుడు ఏలీ నేర్పినట్టు జవాబు చెబుతాడు. ‘నీ దాసుడు ఆలకించుచున్నాడు’. హెబ్రీలో ఆ ఆలకించడం ‘షోమేయ’, అయిన్ ఉన్న ఆ ‘విను’ ధాతువే. ‘షెమూఏల్, షెమూఏల్’ అన్న పిలుపు వెంటనే ‘షోమేయ’ అన్న జవాబు. కథకుడికి ఈ ధ్వని వినపడలేదని ఎవరు అనగలరు? ఎనిమిదో అధ్యాయంలో జనం రాజును అడిగినప్పుడు వాళ్ల మాట విను అని దేవుడు సమూయేలుకు మూడుసార్లు చెబుతాడు. పదిహేనో అధ్యాయంలో, అమాలేకీయుల గొర్రెలను చంపకుండా దాచి పెట్టి అంతా చెప్పినట్టే చేశానంటున్న సౌలుతో, మరి నాకు వినిపిస్తున్న ఈ గొర్రెల అరుపులేమిటి అని సమూయేలు అడుగుతాడు. ఆ వెంటనే వచ్చేదే బలులు అర్పించడం కంటే మాట వినడం శ్రేష్ఠమన్న ప్రసిద్ధ వాక్యం. హెబ్రీ ‘షామ’కు చెవితో వినడం, చెప్పినట్టు నడుచుకోవడం రెండూ అర్థాలే. తెలుగులో ‘మాట వినని పిల్లవాడు’ అంటే చెవిటివాడని ఎవరూ అనుకోరు. ఈ ఒక్కచోట తెలుగు అనువాదానికి హెబ్రీ బలం మొత్తం దక్కింది.

అంటే వినడం ఈ పేరులో లేదు, ఈ మనిషి జీవితంలో ఉంది. పైగా వెబ్‌సైట్లు చెప్పేదానికి తిరగబడి ఉంది. దేవుడు వినడం కన్నా సమూయేలు వినడం గురించే కథ ఎక్కువ చెబుతుంది.

ఈ పేరు మన దాకా వచ్చిన దారి కూడా చూడదగ్గదే. గ్రీకు అక్షరమాలలో ‘ష’ లేదు. అందుకే హెబ్రీ గ్రంథాలను గ్రీకులోకి మార్చినప్పుడు షెమూఏల్ సమూయేల్ అయింది, అక్కణ్ణుంచి లాటిన్‌కు, ఇంగ్లీషుకు అదే ‘స’ వెళ్లింది. తెలుగు బైబిల్లోనూ అదే ‘స’. మిగతాదంతా మన వ్యాకరణం చేసిన పని. ‘మూ’ పక్కన ‘ఏ’ వస్తే రెండు అచ్చులు ఢీకొనకుండా మధ్యలో యకారం వచ్చి కూర్చుంది, బడిలో యడాగమం అని నేర్చుకున్నదే. చివర పొల్లు మనకు పొసగదు కాబట్టి ‘లు’ అయింది. దానియేలు, గబ్రియేలు, మిఖాయేలు, అందరూ ఈ గుమ్మంలోంచే లోపలికి వచ్చారు. వీళ్లందరి చివర ఉన్న ‘యేలు’ను తెలుగు చెవి ‘ఏలు’గా, ఏలికగా వినడం ఉత్త కాకతాళీయమే అయినా వినడానికి బాగుంటుంది.

ఇంకో దారి ఇంగ్లీషు మీదుగా వచ్చింది. సర్టిఫికెట్లలో శామ్యూల్, ఇంట్లో శామ్. ఒకే మనిషికి చర్చి రిజిస్టరులో సమూయేలు, ఆధార్ కార్డులో శామ్యూల్ ఉండటం, స్పెల్లింగ్ కలవక ఆఫీసుల చుట్టూ తిరిగే టెన్షన్ పడటం కొత్త సంగతి కాదు. విచిత్రం ఏమిటంటే ఇంగ్లీషు ‘సా’ను మనవాళ్లు ‘శా’గా రాయడం వల్ల, హెబ్రీ వైపు చూడకుండానే హెబ్రీ మొదటి అక్షరానికి దగ్గరగా వచ్చేశారు. షిన్ పలుకు ‘ష’. వేల ఏళ్ల కింద గ్రీకు దాటేటప్పుడు పోయిన ఒత్తు తెలుగు గడ్డ మీద తెలియకుండానే సగం తిరిగి దొరికింది.

ఇంగ్లీషువాళ్లలో ఈ పేరు బాగా పాకింది పదహారో శతాబ్దపు మత సంస్కరణ తర్వాత. అంతకు ముందు పునీతుల పేర్లు పెట్టుకునేవారు, ఆ తర్వాత పాత నిబంధన తెరిచి పేర్లు ఏరుకున్నారు. అలా వెళ్లిన పేరే ఓడెక్కి మన తీరానికి వచ్చింది. తెలుగు దేశంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ప్రారంభించిన మనిషి పేరు శామ్యూల్ డే. 1836లో వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1912లో దోర్నకల్ మొదటి బిషప్పు అయిన అజరయ్య పూర్తి పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన తొలి భారతీయుడు ఆయనే. సువార్త విన్న పల్లెల్లో సమూయేలు పేరు ఇంటింటికీ చేరడానికి మిషనరీల పేర్ల కన్నా హన్నా కథే ఎక్కువ కారణమని నా నమ్మకం. మొక్కుకుని కన్న బిడ్డకు దేవుడి పేరు పెట్టుకునే అలవాటు మతం మారినంత మాత్రాన పోయేది కాదు. వెంకటేశు పెట్టుకునే ఇంట్లో సమూయేలు వచ్చి కూర్చున్నాడు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతాన్ని పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. తమను బెనె ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయీము సంతతి అని చెప్పుకుంటారు. 1991లో అక్కడ సినగాగు పెట్టుకున్నారు. హెబ్రీ నేర్చుకున్న ఆ ఊళ్లో ఈ పేరు మళ్లీ ష్ముయేల్ అయింది. ఇశ్రాయేలులో ఇప్పటి పలుకుబడి అదే.

ముస్లిం సంప్రదాయంలోనూ ఈ పేరు ఉంది. ఖురాన్ రెండో సూరాలో తమకు రాజును నియమించమని ఇశ్రాయేలీయులు తమ ప్రవక్తను అడుగుతారు. అక్కడ ప్రవక్త పేరు చెప్పలేదు, వ్యాఖ్యాతలు మాత్రం షమ్వీల్ అన్నారు. యెరూషలేముకు వాయవ్యంగా ఉన్న నబీ సమ్వీల్ కొండ మీద ఆయన సమాధిగా చెప్పే చోటు ఉంది. పైన మసీదు, కింద సమాధి దగ్గర యూదుల ప్రార్థనలు. 1099లో క్రూసేడు సైన్యాలకు యెరూషలేము మొదట కనిపించింది ఇక్కణ్ణుంచే కాబట్టి వాళ్లు దీనికి ఆనంద పర్వతం అని పేరు పెట్టారు.

సమూయేలు, సౌలు పేర్ల ముడి విప్పకుండా వదిలితే హన్నా మాట సగమే విన్నట్టు. మందిరంలో వదిలి వెళ్లిన కొడుక్కి ఆమె ఏటా ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది. హెబ్రీలో దాన్ని ‘మెయీల్’ అంటారు. పెద్దయ్యాక సమూయేలు వేసుకున్నదీ మెయీలే. సౌలును దేవుడు తోసిపుచ్చాడని చెప్పి వెనుదిరిగిన రోజున, సౌలు పట్టుకు లాగితే చిరిగింది ఆ మెయీల్ అంచే.

ఆ తర్వాత సమూయేలు చనిపోయాడు. ఫిలిష్తీయులు దండెత్తి వచ్చారు. సౌలు భయంతో యెహోవాను అడిగాడు. హెబ్రీలో ‘వయ్యిష్‌అల్ షాఊల్’, అడిగినవాడూ అతనే, ‘అడుగు’ అనే పేరూ అతనిదే. కలల్లో జవాబు రాలేదు, ప్రవక్తల ద్వారా రాలేదు. రాత్రివేళ మారువేషంలో ఏన్దోరులో సోదె చెప్పే స్త్రీ దగ్గరికి వెళ్లి సమూయేలును పైకి రప్పించమన్నాడు. ఏం కనిపిస్తోందని అడిగితే, ఒక ముసలివాడు వస్తున్నాడు, మెయీల్ కప్పుకుని ఉన్నాడు అందామె. ఆ ఒక్క మాటతో సౌలు గుర్తుపట్టి నేల మీద సాగిలపడ్డాడు. అప్పుడు సమూయేలు అన్న మాట, ‘లామ్మా తిష్‌ఆలేనీ’, నన్ను ఎందుకు అడుగుతున్నావు? తల్లి అడిగి కన్న కొడుకు, అడిగి తెచ్చుకున్నవాడనే పేరున్న రాజుతో.